ముక్కు కింద నీడ

మా బడి ఆఫీసు గదిలో, నా కుర్చీ వెనక గోడ మీద, నాకంటే ముందు హెడ్మాస్టర్లుగా చేసినవాళ్ళ ఫోటోలన్నీ వరసగా వేలాడుతుంటాయి. అందరూ మగవాళ్ళే. అందరూ పెదాలు బిగించి, ఎవరి మీదో పైవాళ్ళకు ఫిర్యాదు రాసి అప్పుడే లేచినట్టు ఉంటారు. వాళ్ళలో సగం మందికి మీసాలున్నాయి. ఉంటే ఉండనీండి, వాళ్ళ మీసాలు వాళ్ళవి. నేను రిటైరయ్యే రోజున ఆ వరస చివర నా ఫోటో కూడా ఎక్కాలి. అందులోనూ మీసం ఉండబోతోందన్నదే నా బాధ.

నాకు మీసం లేదు. ఈ ముక్క ఇంత విడమరిచి చెప్పుకోవలసి రావడం నా ఖర్మ. నాకున్నదల్లా కాస్త కొసదేలిన ముక్కు, దాని మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండే కోపం, వీటికి తోడు ఫోటోలు తీసే మొగుడు. మీసం తెచ్చిపెట్టింది ఆయనే.

మా ఆయన స్టూడియో మా ఇంటి ముందు గదిలోనే ఉంది. ఫ్లాషును ఎడమ చేత్తో నెత్తికి పైన ఎత్తి పట్టుకుని, కుడి చేత్తో బటను నొక్కాలని ఆయనకు పని నేర్పిన గురువుగారు చెప్పారట. "సూర్యుడెక్కడుంటాడు? పైన. వెలుతురు పైనుంచే పడాలి" అనేది సిద్ధాంతం. గురువుగారు పోయారు, ఫిల్ము పోయింది, కెమెరాకు వెనక తెర వచ్చింది, ఈయన ఎడమ చెయ్యి మాత్రం దిగలేదు. ఆ చేతిలో ఫ్లాషు వెలగడమే ఆలస్యం, నా ముక్కు నీడ జారి పైపెదవి మీద కూర్చుంటుంది. కళ్ళజోడు నీడ బుగ్గల మీద పడుతుంది. వెనక గోడ మీద నాకంటే లావుపాటి ఆవిడెవరో నల్లగా నిలబడి ఉంటుంది. చప్పిడి ముక్కుల వాళ్ళకు ఈ బెడద లేదు, అందుకే ఆయనకు ఊళ్ళో మంచి పేరే ఉంది.

పెళ్ళయిన కొత్తలో ఆయన తీసిన నా ఫోటో ఒకటి పర్సులో పెట్టుకుని బడికి వెళ్ళాను. మా తోటి టీచరు అది చూసి, "మీ తమ్ముడా? అచ్చు నీ పోలికే" అంది. ఆ రోజునుంచీ నేను ఫోటోలకు దూరంగా, ఆయనకు దగ్గరగా బతుకుతూ వచ్చాను.

కానీ హెడ్మిస్ట్రెస్సునయ్యాక తప్పించుకోవడం కుదరలేదు. బడి పత్రికలో మొదటి పేజీలో నా సందేశం వేశారు. సందేశం పక్కన మా ఆయన తీసిన ఫోటో వేశారు. పత్రికల్లో మొహాలకు పెన్నుతో మీసాలు గీయడం పిల్లలకు సరదా కదా, నా ఫోటోకు వాళ్ళకా శ్రమ కూడా లేకుండా పోయింది. మర్నాటినుంచీ నేను "మీసాల మేడమ్"నయ్యాను. నా ఎదుట అనరు. నేను మలుపు తిరిగాక అంటారు. నా చెవులు అంతకంటే చురుకైనవని వాళ్ళకు తెలీదు.

వాళ్ళు పెద్దవాళ్ళవుతారు, వెళ్ళిపోతారు, మరిచిపోతారు అని సరిపెట్టుకున్నాను. గోడ మీద ఫోటో అలా కాదే! నేనెవరో తెలియని పిల్లలు, ఇంకా పుట్టని పిల్లలు కూడా దాన్ని చూస్తారు. ఇన్నేళ్ళు నేను ఆ బళ్ళో పడిన పాట్లన్నీ పోయి, పైపెదవి మీద ఆ నల్ల మచ్చ ఒక్కటే మిగిలిపోతుంది. అది తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

ఒకరోజు సాయంత్రం మా ఆయన ఎదుట కూర్చున్నాను.

"ఏమండీ, ఈసారికి ఆ చెయ్యి కాస్త దించుతారా?"

"దించితే?"

"మీసం రాదు."

"కెమెరా పక్కకి దించితే కళ్ళు ఎర్రగా మెరుస్తాయి, పిల్లి కళ్ళలాగా. మీసం కావాలా, పిల్లి కళ్ళు కావాలా? నువ్వే చెప్పు."

"రెండూ వద్దు."

"అయితే చీకట్లో తీయాలి" అన్నారు, ఏదో గొప్ప హాస్యమాడినట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సరే, మీకెందుకంత శ్రమ? పక్క వీధిలో కొత్తగా స్టూడియో పెట్టాడు కదా, ఆ అబ్బాయి దగ్గరికి వెళ్తాను" అన్నాను.

ఆయన చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. మొహం వాడిపోయింది. "వెళ్ళు. తప్పకుండా వెళ్ళు. సొంత పెళ్ళాం ఫోటో తీయడం చేతకాక పక్క వీధికి పంపాడని నలుగురూ నవ్వుకోనీ" అన్నారు. గ్లాసు కింద పెట్టి, లోపలికి వెళ్ళి, కెమెరా లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నారు. తుడిచిందే తుడుస్తున్నారు. నాకు మనసొప్పలేదు. కోపం వేరు, కడుపు మీద కొట్టడం వేరు. వెళ్ళనని చెప్పాను.

మర్నాడు స్టాఫు రూములో సైన్సు మాస్టారి దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయనే నా తరవాత హెడ్మాస్టరు కాబోతున్నాడు. నెమ్మదస్తుడు, పాఠం బాగా చెబుతాడు. చిక్కల్లా ఆయన గొంతు రెండో బెంచీ దాటి పోదు.

"తప్పు మీ ముక్కుది కాదు మేడమ్, ఫ్లాషుది" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆయనకు ప్రమోషన్ ఇప్పించొచ్చు అనిపించింది.

"ఫ్లాషు అరచేయంత ఉంటుంది. అంత చిన్న చోటునుంచి వెలుతురొస్తే నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. మబ్బు పట్టిన రోజు చూడండి, ఎవరికీ నీడలుండవు. ఆకాశమంతా దీపమే కదా అప్పుడు. వెలుతురొచ్చే చోటు పెద్దదైతే నీడ మెత్తబడుతుంది. అంతే."

ఈ ముక్క మోసుకుని ఇంటికొచ్చి అప్పజెప్పాను. మా ఆయన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు.

"నా ఫ్లాషు చిన్నదన్నాడా?"

"చిన్నదని కాదండీ, వెలుతురొచ్చే చోటు..."

"ఆయన్ని బళ్ళో పాఠాలు చెప్పుకోమను. ఫోటోలు తీసేది ఆయనా, నేనా?"

నోటితో అలా అన్నారే గానీ, ఆ ఆదివారం పొద్దున్నే నన్ను స్టూడియోలో కూర్చోబెట్టారు. చూద్దును కదా, ఫ్లాషు మొహానికి తెల్ల జేబురుమాలు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. నేను చూడనట్టే ఊరుకున్నాను. ఎడమ చెయ్యి లేచింది. వెలిగింది. ఇద్దరం తెర మీదికి వంగాం.

మీసం ఎక్కడికీ పోలేదు. ఫోటో మాత్రం మసకబారింది. ఇదివరకు పట్టపగలు మీసాలాయనలా ఉండేదాన్ని, ఇప్పుడు సందె వేళ మీసాలాయనలా ఉన్నాను.

రుమాలు కూడా ఫ్లాషంతే ఉంది కదా, వెలుతురు తగ్గింది గానీ చోటు పెరగలేదని సైన్సు మాస్టారు తరవాత చెప్పాడు. ఆ మాట నేను ఇంటికి మోసుకురాలేదు. ఒకసారి మోసిన అనుభవం చాలు.

తరవాత నా కుర్చీని గోడకు దూరంగా జరిపించారు. ఇది మాత్రం పనిచేసింది. వెనక గోడ మీది లావుపాటి ఆవిడ మాయమైపోయింది. మా ఆయన గాల్లో తేలిపోయారు.

"నీడ పోయిందా, లేదా?"

"గోడ మీద పోయింది. నా మొహం మీద?"

"అన్నీ ఒకేసారి కావాలంటే ఎలా? నిదానించు."

నిదానించడానికి నాకు టైమెక్కడిది? రిటైరయ్యే రోజు తరుముకొస్తోంది. పైగా ఆయనకు ఈ పని మీద పట్టుదల పెరిగిపోయింది. రోజూ స్నానం కాగానే నన్ను పిలిచి కూర్చోబెట్టడం, తీయడం, పళ్ళు కొరకడం. నా ముక్కును ఆయన పెళ్ళిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

ఒక ఉదయం మొహం వెలిగిపోతూ వచ్చారు. ఫ్లాషును మనిషి మీదికి కొట్టకూడదట, పైకప్పు మీదికి కొట్టాలట. వెలుతురు కప్పునిండా పరుచుకుని కిందికి దిగుతుందట. ఈ సంగతి గురువుగారు ఎందుకు చెప్పలేదో ఆయనకు అర్థం కావడం లేదన్నారు. గురువుగారి ఇంటికి పైకప్పు పెంకులని నేను గుర్తుచేశాను.

ఆలోచన మంచిదే. మా స్టూడియో పైకప్పుదే తంటా. వంటింటికి వేయగా మిగిలిన రంగు పారబొయ్యడం ఇష్టంలేక ఆ కప్పుకు పూశాం. నిమ్మపండు పసుపు. ఇద్దరికీ ఆ క్షణాన అది తట్టలేదు. ఫ్లాషు కప్పు మీద వెలిగింది, కప్పు నా మీద వెలిగింది. ఫోటోలో నేను ఆపాదమస్తకం పసుపు రంగులో ఉన్నాను. వెలుతురు నడినెత్తి మీదనుంచి పడేసరికి కళ్ళ కింద గుంటలు కూడా పడ్డాయి. మా ఆయన దాన్ని ఒక కన్ను మూసి చూశారు, తల పక్కకు వంచి చూశారు. "నీడ మాత్రం మెత్తబడింది, గమనించావా?" అన్నారు. గొప్పతనం ఆపుకోలేక వాళ్ళక్కకు కూడా పంపించారు.

మా వదిన నాలుగు వీధుల అవతల ఉంటుంది. అంతదూరం ఆవిడ అంత తొందరగా ఎప్పుడూ రాలేదు. ఒక చేతిలో సంచీనిండా పళ్ళు, ఇంకో చేతిలో ఎవరో డాక్టరు చిరునామా. వస్తూనే నా కుడి కంటి రెప్ప కిందికి లాగి చూసింది.

"ఎన్నాళ్ళనుంచమ్మా ఇలా? కామెర్లు ముదిరితే మాటలా? కళ్ళు చూడు, ఎంత లోతుకు పోయాయో!"

"నాకేం లేదు వదినా, అది ఫోటో..."

"నువ్వు మాట్లాడకు, ఆయాసం వస్తుంది." మా ఆయన వైపు తిరిగింది. "ఒరేయ్, ఇంట్లో మనిషి ఇలా పచ్చబడిపోతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళవలసింది పోయి ఫోటోలు తీసి పంపుతావురా? అసలు మనిషివేనా?"

"అది పైకప్పు రంగక్కా!"

"పైకప్పుకు కామెర్లొస్తాయట్రా!"

ఆవిణ్ణి స్టూడియోలోకి తీసుకెళ్ళి, కప్పు చూపించి, ఆవిడకే ఒక ఫోటో తీసి, ఆవిడా పచ్చగా వచ్చాక గానీ నమ్మలేదు. అప్పటికే దారిలో కలిసినవాళ్ళందరికీ చెప్పేసి వచ్చింది. మర్నాడు స్టాఫు రూములో నా మంచినీళ్ళ గ్లాసు విడిగా, కిటికీలో పెట్టి ఉంది. సైన్సు మాస్టారు తన కుర్చీ అటువైపు జరుపుకుని, అక్కడినుంచే కుశలం అడిగాడు.

ఆ సాయంత్రం నేను మా ఆయనతో తేల్చి చెప్పేశాను. "ఇంక చాలు. నా ఫోటో వద్దు, ఏమీ వద్దు. ఖాళీ ఫ్రేము తగిలించుకోమంటాను."

నేను పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుంటూ చిన్నపిల్లలా ఏడ్చాను. అద్దంలో నాకు మీసం లేదు, నిజమే. కానీ ఒక్క అద్దం ఒకవైపు, ఇన్ని ఫోటోలు ఒకవైపు. నలుగురి కళ్ళకూ నేను ఎలా ఉంటానో ఎవరికి తెలుసు? ఫోటోలు చెప్పేదే నిజమేమో, అద్దమే మొహమాటపడుతోందేమో అని కూడా అనిపించింది.

ఆయన నా ఏడుపు విన్నారనుకుంటాను. మర్నాడు చెప్పాపెట్టకుండా కెమెరా, స్టాండు, ఫ్లాషు భుజానేసుకుని బడికి వచ్చేశారు.

"ఇంట్లో కూర్చోబెట్టి తీయడమే తప్పు. మిగతావాళ్ళందరూ ఆఫీసులో ఆ కుర్చీలోనే కదా తీయించుకున్నారు. నువ్వూ అక్కడే కూర్చో" అన్నారు.

ఆ కుర్చీ సంగతి చెప్పాలి. సింహాసనమంత ఉంటుంది. గుమ్మంలోంచి బయటికి రాదు. గదిలోకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు, దాన్ని లోపలే చేసి ఉండాలి. లేకపోతే నేనే దాన్ని వరండాలోకి ఈడ్పించి, మామూలు పగటి వెలుతురులో కూర్చుని, ఈ ఫ్లాషు పీడ వదిలించుకునేదాన్ని. ఆఫీసు గది పొడుగ్గా ఉంటుంది. కిటికీ ఒక్కటే, దానికి అడ్డంగా బీరువా ఉంది. ఫ్లాషు లేకుండా అక్కడ ఏదీ తీయలేరు.

మా ఆయన గదిలో సగం దూరం వెనక్కి వెళ్ళి స్టాండు నిలబెట్టారు. దాని మీద కెమెరా బిగించారు. ఎడమ చెయ్యి మామూలుగానే పైకి లేచింది. పెదాలు బిగించి, ఊపిరి బిగబట్టి, ముక్కును వీలైనంత లోపలికి లాక్కుని కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే ఇంటర్వెల్ గంట కొట్టారు.

ఆఫీసు గదిలో ఫోటో తీస్తున్నారన్న వార్త బడంతా పాకడానికి ఎంతసేపు? ముందు గుమ్మంలో నాలుగు తలలు కనబడ్డాయి. తరవాత గుమ్మం కనబడలేదు. ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి వచ్చి పడ్డారు. మా ఆయన వెనక ఈ గోడనుంచి ఆ గోడదాకా పిల్లలే. వెనకవాళ్ళు బెంచీ ఎక్కారు. ముందువాళ్ళు ఆయన ఫ్లాషు తీగ ఏమిటా అని చెయ్యి చాపుతున్నారు. స్టాండు కదిలింది. కెమెరా ఊగింది. ఆ కెమెరా మా ఆయనకు ప్రాణం.

నేను మీసం మరిచిపోయాను, ఫోటో మరిచిపోయాను, రిటైర్మెంటు మరిచిపోయాను. కుర్చీలోంచి సగం లేచి, వేలు చూపించి, "ఏయ్! వెనక్కి! వరసలో నిలబడండి!" అని ఒక్క కేక వేశాను.

ఆ కేకకు పిల్లలతో పాటు మా ఆయన కూడా అదిరిపడ్డారు. ఎవరో వెనకనుంచి తీగ లాగేస్తున్నారనుకుని ఫ్లాషున్న చేతిని గబుక్కున వెనక్కి తిప్పారు. ఆ కంగారులో కుడిచేతి వేలు బటను మీద పడింది. ఫ్లాషు నా వైపు కాదు, పిల్లల వైపు వెలిగింది. గది మొత్తం ఒక్క క్షణం తెల్లగా అయిపోయింది.

"మా ఫోటో తీశారోయ్!" అని పిల్లలు గంతులు వేశారు.

"పాడైపోయింది" అని మా ఆయన తల పట్టుకున్నారు. అలవాటుకొద్దీ తెర మీదికి వంగి చూశారు. ఇంక లేవలేదు. అలా వంగే ఉన్నారు. నడుం పట్టేసిందేమోనని భయపడి దగ్గరికి వెళ్ళాను.

తెర మీద నేనే. నోరు తెరిచి, కనుబొమలు ఎగరేసి, వేలు చాపి. మీసం లేదు. ముక్కు నా ముక్కే, కాస్త కొసదేలినదే. దాని కింద మాత్రం మామూలు పెదవి ఉంది. కళ్ళజోడు వెనక కళ్ళున్నాయి. బుగ్గల మీద ఏ నల్లగీతా లేదు. అద్దంలో రోజూ కనబడే మనిషే. అద్దం మొహమాటపడలేదన్నమాట.

గొడవ విని వచ్చిన సైన్సు మాస్టారు తెర చూశాడు, వెనక్కి తిరిగి పిల్లల్ని చూశాడు, ఎగిరినంత పని చేశాడు. "తెల్ల చొక్కాలు మేడమ్! గోడనుంచి గోడదాకా తెల్ల చొక్కాలు! ఫ్లాషు వాళ్ళ మీద పడింది, ఆ చొక్కాలన్నిట్నించీ వెలుతురు మీ మీదికి వచ్చింది. ఎంత పెద్ద దీపమో చూడండి!" ఆ ఉత్సాహంలో ఆయన గొంతు మూడో బెంచీదాకా వెళ్ళింది.

"సార్, మా ఫోటో చూపించండి సార్" అని పిల్లలు వెంటపడ్డారు. అందులో వాళ్ళు లేరని తెలిసి బిక్కమొహాలు వేశారు. వాళ్ళను బుజ్జగించి, తరవాత వాళ్ళ ఫోటో కూడా తీస్తానని మాటిచ్చి, మా ఆయన ఈసారి తెలివిగా, కావాలనే వాళ్ళందర్నీ తన వెనక దగ్గరదగ్గరగా నిలబెట్టారు. ఫ్లాషు వాళ్ళ వైపు తిప్పి పట్టుకున్నారు. నేను కుర్చీలో హుందాగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కలిపాను. ఇంకో ఫోటో వచ్చింది. అందులోనూ మీసం లేదు. గోడ మీది పెద్దమనుషుల పక్కన పెడితే వాళ్ళ చెల్లెలా అనుకునేలా ఉన్నాను. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి వెళ్ళాక మా ఆయన ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మొదటిదే ఫ్రేము కట్టిద్దాం" అన్నారు.

"మతిపోయిందా మీకు? నోరు తెరిచి అరుస్తున్న ఆడదాన్ని గోడకు తగిలిస్తారా ఎవరైనా?"

"ఇన్నేళ్ళూ బళ్ళో నువ్వు చేసింది అదే కదా."

"ఏమండీ!"

"కాదే, చెప్పేది విను. ఇంట్లో నేనెప్పుడు తీసినా మీసం వస్తుందేమోనని బెదురుతూ కూర్చున్నావు. ఈ రెండోదాంట్లోనూ అంతే, ఎట్లా పడతావో అని చూసుకుంటున్నావు. ఇందులో మాత్రం నన్ను చూడలేదు, ఫ్లాషును చూడలేదు. వాళ్ళను చూశావు. నేను నిన్నిలా ఎప్పుడూ చూడలేదు. ఈ మొహం నువ్వు ఇంటికి తీసుకురాలేదు నాకోసం."

ఆ చివరి మాట నాకు చురుక్కుమని తగిలింది. అయినా తగ్గలేదు. "రెండోదే ఇవ్వండి ఫ్రేముకి" అని గట్టిగా చెప్పాను. ఆయన సరేనన్నారు. అంత తేలిగ్గా సరేనన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

వీడ్కోలు సభ బడి పెద్ద హాల్లో పెట్టారు. పిల్లలందరూ నేల మీద కూర్చున్నారు. హాలంతా సంతే. అప్పుడే బాధ్యత తీసుకున్న సైన్సు మాస్టారు మైకు ముందు నిలబడి, "నిశ్శబ్దం... పిల్లలూ, నిశ్శబ్దం" అని బతిమాలుతున్నాడు. మైకు కూడా ఆయన గొంతుకు సాయపడలేకపోయింది. నా నాలుక దురద పెడుతోంది. ఇవాళ నువ్వు అతిథివి, నోరు మూసుకుని కూర్చో అని నాకు నేనే చెప్పుకున్నాను. వేదిక పక్కన నా ఫోటో, దాని మీద తెల్ల గుడ్డ. మొదటి వరసలో మా వదిన. ఆవిడ పక్కన మా ఆయన, పైకప్పు వంక చూస్తూ కూర్చున్నారు. ఆ హాలు పైకప్పులో చూడటానికి ఏమీ లేదు.

సైన్సు మాస్టారు గుడ్డ లాగాడు.

నోరు తెరిచి, వేలు చాపి, నేను.

నా రక్తం సలసలా మరిగింది. ఇంటికి వెళ్ళాక మా ఆయనకు చెప్పవలసిన మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి నోట్లోకి వచ్చేశాయి. ఆయన ఇంకా కప్పునే చూస్తున్నారు. ఏమి చెప్పి ఆ ఫోటో దించెయ్యమనాలా అని నేను లేవబోతున్నాను. అప్పుడు తెలిసింది, హాల్లో చప్పుడు లేదని.

తిరిగి చూశాను. ముందు వరసలో చిన్న క్లాసు పిల్లలు నిటారుగా కూర్చున్నారు. చాచిన కాళ్ళు మడుచుకున్నారు. వాళ్ళ వెనకవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని వరసలోకి జరుగుతున్నారు. అలా జరుగుతూ జరుగుతూ చివరి గోడదాకా వరసలు సర్దుకున్నాయి. చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. నేను నోరు మెదపలేదు. ఒట్టు, చిటికెన వేలు కూడా కదపలేదు.

తరవాత ఎవరో కిసుక్కుమన్నారు. వేదిక మీద నోరు మూసుకుని కూర్చున్న నన్నూ, ఫోటోలో అరుస్తున్న నన్నూ మార్చి మార్చి చూసి, తాము మోసపోయామని పిల్లలకు తెలిసిపోయింది. హాలు గొల్లుమంది. చప్పట్లు మొదలయ్యాయి, ఎంతకీ ఆగలేదు. మా వదిన కళ్ళు ఒత్తుకుంటూ, "మీసం లేదమ్మా! చక్కగా ఉన్నావు!" అని అందరికీ వినబడేలా అరిచింది. ఆవిణ్ణి ఆపడం దేవుడి తరం కూడా కాదు.

ఆ గోలలో సైన్సు మాస్టారు నా కుర్చీ దగ్గరికి వచ్చి వంగాడు. నవ్వుతున్నాడనుకున్నాను. నవ్వడం లేదు. సోమవారం నుంచి ఈ పిల్లలందర్నీ ఒక్కడూ ఎలా ఏలుకోవాలా అన్న బెంగ ఆయన మొహమంతా ఉంది.

"మేడమ్, ఇది ఆఫీసు గదిలో పెట్టను. అక్కడ కుర్చీ వెనక ఎవరు చూస్తారు? వరండాలో పెడతాను. పిల్లలు వరసలు కట్టే చోట. నాకు కాస్త సాయంగా ఉంటారు" అన్నాడు. "మీరు కాదనకపోతేనే."

నేను ఇన్నాళ్ళు నిద్రమానుకుని గింజుకున్నదంతా ఆ పెద్దమనుషుల వరస చివర చోటు కోసం. ఇప్పుడు ఆ చోటు ఖాళీగానే ఉంటుందంటున్నాడు. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఇక రేపటినుంచి నేను రాని ఈ బళ్ళో, గంట కొట్టగానే నా ఎదుట పిల్లలు వరస కడతారని మాత్రమే తోచింది. అది తోచాక ఇంక కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపాలని కూడా చూడలేదు.

"పెట్టండి మాస్టారూ," అన్నాను. "మరీ ఎత్తున పెట్టకండి. చిన్న క్లాసు వాళ్ళకు..."

కొంగుతో కళ్ళు తుడుచుకోవడంలో పడ్డాను. వేదిక కింద ఎప్పుడొచ్చి నిలబడ్డారో మా ఆయన, మిగతాది ఆయన చెప్పారు.

"చిన్న క్లాసు వాళ్ళకు కూడా కనబడాలి కదండీ."